రెండో అప్‌లింక్ (పై స్విచ్‌కు వెళ్ళే లింకు) ఉంది కానీ వాడటం లేదు: స్విచ్‌ల మధ్య ఫెయిలోవర్ (ఒక దారి పోతే ఇంకోటి అందుకోవడం) ఎలా పెట్టాలి?

పోరూరు_నెట్ (చెన్నై)

అందరికీ నమస్కారం. పోరూరు వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐటీ చూస్తున్నాను. ఈ మధ్యే చేరాను. నెట్‌వర్క్ కట్టిన కాంట్రాక్టర్ ఇప్పుడు లేడు. డ్రాయింగ్ ఉంది, దాన్ని వివరించేవాళ్ళు లేరు.

సర్వర్ రూమ్‌లో భవనం ట్రాఫిక్ అంతా కలిసే రెండు కోర్ స్విచ్‌లు, వాటి మధ్య ఒక లింకు. ఐదు అంతస్తులు, అంతస్తుకు రెండేసి యాక్సెస్ స్విచ్‌లు (కంప్యూటర్లు తగిలేవి). ప్రతి యాక్సెస్ స్విచ్ నుంచి రెండు కోర్‌లకూ ఫైబర్ లాగి ఉంది. కానీ రెండో కోర్‌కు వెళ్ళాల్సిన ప్యాచ్ కార్డులన్నీ ఊడదీసి, కట్టగా కట్టి ర్యాక్ పక్కన వేలాడదీశారు. ఎందుకని అడిగితే "అవి పెడితే మొత్తం పడిపోతుంది, ముట్టుకోవద్దు" అన్నారు. కోర్‌లు ఒక బ్రాండ్, యాక్సెస్ స్విచ్‌లు వేరే బ్రాండ్. గేట్‌వే ఐపీలన్నీ (కంప్యూటర్లు తమ నెట్‌వర్క్ బయటకు వెళ్ళడానికి వాడే అడ్రస్‌లు) మొదటి కోర్ మీదే ఉన్నాయి.

మొన్న మూడో అంతస్తులో ఒక ఎస్ఎఫ్‌పీ (ఫైబర్‌ను స్విచ్‌కు కలిపే చిన్న మాడ్యూల్) పోయింది. అది మార్చేదాకా ఆ అంతస్తులో డాక్టర్లకు ఎక్స్‌రేలు కంప్యూటర్‌లో కనపడలేదు. అదే స్విచ్‌కు ఇంకో ఫైబర్ ఉండి కూడా పనికి రాలేదు. రిపోర్టుల్లో మాత్రం "రిడండెన్సీ ఉంది" అని రాసి ఉంది. వెండర్ అన్నీ మార్చి స్టాకింగ్ (రెండు స్విచ్‌లను ఒకటిగా కలపడం) పెడదాం అంటున్నాడు. ఉన్నవాటితోనే చేయలేమా? ఎక్కడ మొదలుపెట్టాలి?

అంబత్తూరు_కోర్ (చెన్నై)

తమ్ముడూ, చేయొచ్చు. కొత్తవి కొనక్కర్లేదు. కానీ ఆ కార్డులు ఇప్పుడే పెట్టకు. పాతవాళ్ళు చెప్పిన మాట నిజమే, కారణమే తెలుసుకోవాలి.

కోర్ 1, కోర్ 2, యాక్సెస్ స్విచ్, ఈ మూడూ కలిస్తే త్రిభుజం అవుతుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌కు ఐపీ ప్యాకెట్‌లా టీటీఎల్ (ఇన్ని మజిలీల తర్వాత పారేయమనే లెక్క) ఉండదు. ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ (ఈ ఐపీ ఎవరిదని అందరినీ అడిగే సందేశం) ఆ త్రిభుజంలోకి వెళ్తే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ మిగతా పోర్టులన్నిట్లోకీ కాపీలు వెళ్తాయి. కాసేపట్లో లింకులు నిండిపోతాయి, స్విచ్ సీపీయూ నూటికి చేరుతుంది, దూరం నుంచి స్విచ్‌లోకి వెళ్ళే టెల్నెట్ కూడా దొరకదు. ఈ తిరుగుడు ఆపడానికే స్పానింగ్ ట్రీ (ఎస్టీపీ) ఉంది. రేడియా పెర్ల్‌మన్ 1985లో డెక్ (డిజిటల్ ఎక్విప్‌మెంట్) కంపెనీలో ఉండగా దాన్ని తయారుచేశారు. అదనపు దారిని బ్లాక్ చేసి పక్కన ఉంచుతుంది, అసలు దారి పోతే తెరుస్తుంది. నువ్వు కోరుకునే ఫెయిలోవర్ అదే.

అది ఉండి కూడా నీ నెట్‌వర్క్ పడిపోయిందంటే ఎక్కడో పని చేయట్లేదన్న మాట. ప్రతి స్విచ్‌లో మూడు విషయాలు చూసి ఇక్కడ పెట్టు: స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉందా, ఏ మోడ్‌లో ఉంది, రూట్ బ్రిడ్జ్ (ట్రీకి మొదలుగా ఎంచుకున్న స్విచ్) ఎవరు.

పోరూరు_నెట్

అన్నా, చూశాను. కోర్‌లు రెండూ వీల్యాన్‌కు (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌కు) ఒక ట్రీ నడిపే మోడ్‌లో ఉన్నాయి. యాక్సెస్ స్విచ్‌లు చాలావరకు ఆర్‌ఎస్టీపీ (వేగంగా స్పందించే ఎస్టీపీ). మూడు స్విచ్‌లలో అసలు ఆపేశారు. అన్నిట్లోనూ ప్రయారిటీ 32768. వీల్యాన్ 1కి రూట్ ఎవరని చూస్తే నాలుగో అంతస్తు ఫార్మసీ స్విచ్ చూపిస్తోంది! అది నిజమేనా?

అంబత్తూరు_కోర్

నిజమే. ప్రయారిటీ అందరికీ ఒకటే అయినప్పుడు ఎవరి మ్యాక్ అడ్రస్ (తయారీలో పెట్టే హార్డ్‌వేర్ నంబరు) చిన్నదైతే వాళ్ళే రూట్. మ్యాక్‌లు తయారీ వరుసలో పెరుగుతూ పోతాయి కాబట్టి ఒకే కంపెనీ పెట్టెల్లో చాలాసార్లు పాతదే గెలుస్తుంది. రూట్‌ను మనం నిర్ణయించకపోతే అది ఇలాగే ఎక్కడో ఒక మూల పడుతుంది. ఇప్పుడు నీ ట్రీ లెక్క అంతా ఆ ఫార్మసీ స్విచ్ చుట్టూ నడుస్తోంది. అక్కడ ఎవరైనా ప్లగ్ పీకితే భవనం మొత్తం మళ్ళీ లెక్క వేసుకోవాలి.

ఇక పడిపోవడానికి అసలు కారణం ఆ మూడు స్విచ్‌లు అయి ఉంటాయి. స్పానింగ్ ట్రీ ఆపేసిన స్విచ్ బీపీడీయూలను (స్పానింగ్ ట్రీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశాలను) ఏం చేస్తుందన్నది బ్రాండ్‌ను బట్టి ఉంటుంది. కొన్ని మామూలు ఫ్రేమ్‌లా అవతలికి పంపేస్తాయి, అప్పుడు కోర్‌లకు లూప్ తెలుస్తుంది. కొన్ని అక్కడే పారేస్తాయి. అలాంటి స్విచ్‌కు రెండో అప్‌లింక్ పెట్టావంటే లూప్ ఏర్పడినా కోర్‌లకు కనపడదు, ఎవరూ బ్లాక్ చేయరు.

శిరుసేరి_రాత్రిషిఫ్ట్ (చెన్నై)

పై మాటకు ఒకటి కలుపుతాను. రెండు బ్రాండ్‌లు కలిసినప్పుడు వీల్యాన్‌కు ఒక ట్రీ పద్ధతి వద్దు. సిస్కో పీవీఎస్టీ లాంటివి తమ బీపీడీయూలను తమ సొంత మల్టీకాస్ట్ అడ్రస్‌కు పంపుతాయి. అవతలి బ్రాండ్‌కు అర్థమయ్యేది వీల్యాన్ 1లో వచ్చే ప్రామాణిక బీపీడీయూ ఒక్కటే, మిగతావాటిని మామూలు మల్టీకాస్ట్‌లా దాటించేస్తుంది. పైకి పనిచేస్తున్నట్టే ఉంటుంది, ఏ లింకు ఏ వీల్యాన్‌కు బ్లాక్ అయిందో ఎవరూ చెప్పలేరు.

అన్నిట్లోనూ ఎంఎస్టీపీ (వీల్యాన్‌లను గుంపులుగా ఒక్కో ట్రీలో నడిపే ఎస్టీపీ) పెట్టండి. 802.1ఎస్‌గా వచ్చి 2005లో 802.1క్యూలో కలిసిపోయిన ప్రమాణం, చాలా మేనేజ్డ్ (సెట్టింగులు మార్చగలిగే) స్విచ్‌లలో ఉంటుంది. రీజియన్ (ఒకే సెట్టింగు ఉన్న స్విచ్‌ల గుంపు) పేరు, రివిజన్ నంబరు, వీల్యాన్ మ్యాపింగ్ (ఏ వీల్యాన్ ఏ ట్రీలో అన్నది) మూడూ అక్షరం తేడా లేకుండా అన్నిట్లో ఒకటే ఉండాలి. పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా వేరే రీజియన్ అయిపోతుంది.

నా సలహా, మ్యాపింగ్ అసలు పెట్టకండి. అన్ని వీల్యాన్‌లూ ఇన్‌స్టెన్స్ 0లోనే, అంటే మొదటి ట్రీలోనే ఉండనివ్వండి. సగం వీల్యాన్‌లు కోర్ 1కి, సగం కోర్ 2కి పంచితే రెండు లింకులూ వాడుకోవచ్చని చెబుతారు, పుస్తకాల్లో కూడా అలాగే ఉంటుంది. ఆసుపత్రిలో ఒక అంతస్తు ట్రాఫిక్‌కు ఒక గిగాబిట్ లింకు మామూలుగా నిండదు. రాత్రి రెండింటికి ఏదో పోయి ఫోన్ వచ్చినప్పుడు "మామూలుగా అంతా కోర్ 1 మీద, అది పోతే అంతా కోర్ 2 మీద" అన్న ఒక్క వాక్యం గుర్తుంటే చాలు. ఆ సులువు ముందు ఆ కాస్త బ్యాండ్‌విడ్త్ లెక్కలోకి రాదు.

మారతహళ్ళి_రౌటింగ్ (బెంగళూరు)

అందరూ స్పానింగ్ ట్రీ చుట్టూనే తిరుగుతున్నారు. ఈ రోజుల్లో యాక్సెస్ దాకా లేయర్ 3 (ఐపీ రౌటింగ్) తీసుకెళ్ళడమే సరైన పద్ధతి. ప్రతి అప్‌లింక్ రౌటెడ్ పోర్ట్, మధ్యలో ఓఎస్‌పీఎఫ్ (దారులు తనే కనుక్కునే రౌటింగ్ ప్రోటోకాల్), రెండు లింకులూ ఒకేసారి వాడుకలో ఉంటాయి. బ్లాక్ అయ్యే పోర్టే ఉండదు, లూప్ వచ్చినా టీటీఎల్ చూసుకుంటుంది. పెద్ద డేటా సెంటర్లు చాలావరకు ఇలాగే కడుతున్నాయి.

అంబత్తూరు_కోర్

కొత్త భవనం అయితే నేనూ అదే కడతాను. కానీ ఇక్కడ యాక్సెస్ స్విచ్‌లు లేయర్ 2వి, రౌటింగ్ చేయలేవు. పైగా ఆసుపత్రుల్లో స్కానింగ్ మెషీన్లు, మానిటర్లు ఒకే సబ్‌నెట్‌లో (ఒకే ఐపీ శ్రేణిలో) అంతస్తులు దాటి ఉంటాయి. ఐపీ మార్చాలంటే ఆ మెషీన్ కంపెనీ ఇంజనీరు రావాలి. ఉన్నదాన్ని గట్టిగా నిలబెట్టడం ఇప్పటి పని.

పోరూరు_నెట్

అవును, ఎక్స్‌రే, సీటీ మెషీన్ల ఐపీలు మార్చే వీలు లేదు. మరి స్టాకింగ్ సంగతి ఏమంటారు?

శిరుసేరి_రాత్రిషిఫ్ట్

స్టాక్ చేస్తే రెండు కోర్‌లూ ఒక్క స్విచ్‌లా కనపడతాయి. ప్రతి యాక్సెస్ స్విచ్ రెండు ఫైబర్‌లనూ ఎల్ఏసీపీతో (లింకులను జతచేసే ప్రోటోకాల్‌తో) కలిపి ఒక లింకు చేయొచ్చు, లూప్ ఉండదు. అంతవరకు బావుంటుంది. కానీ రెండిటికీ సాఫ్ట్‌వేర్ మెదడు ఒక్కటే. దాంట్లో బగ్ వస్తే రెండూ పోతాయి. ఫర్మ్‌వేర్ మార్చాలంటే చాలా మోడళ్ళలో రెండూ రీబూట్ అవుతాయి. ఇరవై నాలుగు గంటలు నడిచే చోట కోర్‌ను స్టాక్ చేయడం నాకు నచ్చదు. ఎమ్‌ల్యాగ్ మంచిది, రెండు స్విచ్‌లు విడివిడిగా ఆలోచిస్తూనే కింది స్విచ్‌కు ఒకటిగా కనపడతాయి. మీ మోడల్‌లో ఉంటే చూడండి. లేకపోతే ఎంఎస్టీపీ చాలు.

ఒక్కటి మాత్రం చేయండి. కోర్‌ల మధ్య ఇప్పుడు ఒక్క లింకే ఉందన్నారు. దాన్ని ఎల్ఏసీపీతో రెండు చేయండి, రెండు వైపులా యాక్టివ్ మోడ్. కొందరు ఎల్ఏసీపీ లేకుండా స్టాటిక్‌గా "ఆన్" అని పెడతారు. అప్పుడు అవతలి వైపు సరిగ్గా కలిసిందో లేదో చూసేవాళ్ళు ఉండరు. ఎల్ఏసీపీలో పలకరింపులు ఆగితే ఆ లింకును తీసేస్తుంది. స్లో మోడ్‌లో 30 సెకన్లకోసారి పలకరింపు, 90 సెకన్లు వినపడకపోతే తీసేస్తుంది. ఫాస్ట్‌లో 1 సెకను, 3 సెకన్లు.

పోరూరు_నెట్

ఎమ్‌ల్యాగ్ మా మోడల్‌లో లేదు. ఎంఎస్టీపీకే వెళ్తాను. ఏ వరుసలో చేయాలి?

అంబత్తూరు_కోర్

ముందు అందరికీ చెప్పి ఒక రాత్రి సమయం తీసుకో. రెండో ఫైబర్‌లు ఊడదీసి ఉన్నాయి కాబట్టి ఇప్పుడు లూప్ లేదు. అది నీకు కలిసొచ్చే విషయం, కాన్ఫిగరేషన్ అంతా ఈ స్థితిలోనే పూర్తి చెయ్.

కోర్ 1 ప్రయారిటీ 4096, కోర్ 2 ప్రయారిటీ 8192 (అంకె తక్కువైన స్విచ్ రూట్ అవుతుంది). మిగతావి 32768 దగ్గరే ఉంచు. తర్వాత అన్నిట్లో ఎంఎస్టీపీ, ఒకే రీజియన్. ఆపేసిన మూడింట్లో ఆన్ చెయ్. రూట్ కోర్ 1 అని ప్రతి స్విచ్‌లోనూ చూసి నిర్ధారించుకో. కోర్ నుంచి అంతస్తులకు వెళ్ళే పోర్టుల మీద రూట్ గార్డ్ పెట్టు, రేపు ఎవరైనా తక్కువ ప్రయారిటీ ఉన్న స్విచ్ తెచ్చి తగిలించినా రూట్ చేయి దాటదు.

కంప్యూటర్లు, ప్రింటర్లు ఉన్న పోర్టులన్నీ ఎడ్జ్ పోర్టులు (వెనక స్విచ్ లేదని చెప్పినవి) చెయ్, బీపీడీయూ వస్తే పోర్టును ఆపేసే బీపీడీయూ గార్డ్‌తో సహా. ఇది చాలామంది వదిలేస్తారు. ఎడ్జ్ అని చెప్పకపోతే పోర్టు ఫార్వర్డింగ్‌కు రావడానికి 30 సెకన్ల దాకా పట్టొచ్చు, ఈలోపు కంప్యూటర్ డీహెచ్‌సీపీని (ఐపీ ఇచ్చే సర్వర్‌ను) అడిగి అడిగి విసిగి పనికిరాని 169.254 అడ్రస్ తెచ్చుకుంటుంది. పైగా ఆ పోర్టు లేచిన ప్రతిసారీ టోపాలజీ మారిందని కబురు వెళ్ళి స్విచ్‌లన్నీ మ్యాక్ టేబుళ్ళు (ఎవరు ఏ పోర్టులో ఉన్నారన్న జాబితాలు) చెరిపేసుకుంటాయి. ఉదయం ఓపీ మొదలయ్యే వేళ అందరూ కంప్యూటర్లు ఆన్ చేస్తారు కదా, అప్పుడు నెట్‌వర్క్ మందగించడానికి ఇది ఒక కారణం.

నర్సింగ్ స్టేషన్‌లలో బల్ల కింద చిన్న అన్‌మేనేజ్డ్ స్విచ్‌లు ఉంటాయి, చూసుకో. ఎవరో ఖాళీగా ఉన్న వైరు కొసను అదే స్విచ్‌లో పెడతారు. బీపీడీయూ గార్డ్ ఉంటే మన బీపీడీయూ మనకే తిరిగొచ్చి ఆ పోర్టు ఒక్కటే ఆగుతుంది. చౌక స్విచ్ బీపీడీయూలను పారేసే రకం అయితే గార్డ్‌కు తెలియదు, అందుకని బ్రాడ్‌కాస్ట్‌లు హద్దు దాటితే ఆపే స్టార్మ్ కంట్రోల్ కూడా పెట్టు.

ఇవన్నీ అయ్యాక ఒక్కో అంతస్తుకు రెండో ఫైబర్ తగిలించు. తగిలించగానే ఆ యాక్సెస్ స్విచ్‌లో కోర్ 2 వైపు పోర్టు ఆల్టర్నేట్ అని, డిస్కార్డింగ్ అని (అంటే బ్లాక్ చేసి పక్కన ఉంచినట్టు) చూపాలి. అలా చూపకపోతే వెంటనే పీకెయ్.

గేట్‌వే_గిండీ (చెన్నై)

అప్‌లింక్‌ల గురించే మాట్లాడుతున్నారు. గేట్‌వే ఐపీలన్నీ కోర్ 1 మీదే అన్నారు కదా. కోర్ 1 పోతే కోర్ 2కు దారి ఉండి ఏం లాభం, కంప్యూటర్లు అడిగే గేట్‌వే లేనప్పుడు? వీఆర్‌ఆర్‌పీ (గేట్‌వేకు ఫెయిలోవర్ ఇచ్చే ప్రోటోకాల్) పెట్టాలి. రెండు కోర్‌లకూ సొంత ఐపీలు, పైన ఉమ్మడి ఐపీ ఒకటి. ఇప్పుడున్న గేట్‌వే ఐపీనే ఉమ్మడి ఐపీ చేయండి, కంప్యూటర్లలో, మెషీన్లలో ఏమీ మార్చక్కర్లేదు.

మాస్టర్ (ఉమ్మడి ఐపీని నడిపే కోర్) సెకనుకోసారి పలకరిస్తుంది. బ్యాకప్ ప్రయారిటీ 100 అయితే సుమారు 3.6 సెకన్లు ఆగి తను అందుకుంటుంది. వర్చువల్ మ్యాక్ మారదు కాబట్టి కంప్యూటర్లకు తేడా తెలియదు.

ఎస్టీపీ రూట్ ఏ కోరో వీఆర్‌ఆర్‌పీ మాస్టర్ కూడా ఆ కోరే అయి ఉండాలి. లేకపోతే ట్రాఫిక్ కోర్ 1కి ఎక్కి, మధ్య లింకు మీదుగా కోర్ 2కి వెళ్ళి బయటకు పోతుంది. ఇంకా, కోర్ 1 బతికే ఉండి ఫైర్‌వాల్ వైపు లింకు మాత్రం తెగితే? వీఆర్‌ఆర్‌పీకి అది తెలియదు, కోర్ 1 మాస్టర్‌గానే ఉంటుంది, బయటకు వెళ్ళేవన్నీ దాని దగ్గరే ఆగిపోతాయి. ఆ లింకును ట్రాక్ చేయించి, తెగితే ప్రయారిటీ తగ్గేలా పెట్టండి.

నెల్లూరు_ఫైబర్ (మాధవరం, చెన్నై)

నేను కేబులింగ్ పనిలో ఉన్నాను. కాన్ఫిగరేషన్ ఎంత బాగా పెట్టినా రెండు ఫైబర్‌లూ ఒకే షాఫ్ట్‌లో, ఒకే కేబుల్ లోపలి పోగులు అయితే అది ఒక్క దారే. డ్రిల్లింగ్ మెషీన్ రెండిటినీ ఒకేసారి కోస్తుంది. డ్రాయింగ్‌ను నమ్మకండి, షాఫ్ట్ తలుపు తీసి టార్చ్ వేసి చూడండి. ఆసుపత్రికి రెండు వైపులా మెట్లు ఉంటాయి, రెండో ఫైబర్‌ను అటు వైపు నుంచి తీసుకెళ్ళే వీలుందేమో చూడండి.

రెండు కోర్‌లూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయా? ఒకే ఎమ్‌సీబీ మీద? సర్వర్ రూమ్ ఏ అంతస్తులో ఉంది? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ ఊళ్ళో వానలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్ళెవరూ బేస్‌మెంట్‌లో ర్యాక్ పెట్టరు.

ఫైబర్ విషయంలో ఇంకోటి. లింకులో పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి ఉండే రెండు పోగుల్లో ఒక్కటే తెగొచ్చు. అప్పుడు ఒక వైపు వినపడుతుంది, ఒక వైపు వినపడదు. బ్లాక్ అయి ఉన్న పోర్టుకు బీపీడీయూలు రావడం ఆగితే, దారి ఖాళీ అనుకుని తెరుచుకుంటుంది, లూప్ వస్తుంది. గిగాబిట్ ఫైబర్ పోర్టుల్లో ఆటో నెగోషియేషన్ ఆపకండి. అది ఉంటే ఒక పోగు పోయినా రెండు కొసల్లోనూ లింకు పడిపోతుంది, అలా పడిపోవడమే మనకు కావాలి. లూప్ గార్డ్ కూడా పెట్టండి, బీపీడీయూలు ఆగినా అది పోర్టును తెరవనివ్వదు.

ల్యాబ్_టెక్నీషియన్ (చెన్నై)

నాకు స్విచ్‌ల గురించి తెలియదు, వేరే ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. మా వైపు నుంచి ఒక్క మాట. సిస్టమ్ పోతే మేం శాంపిళ్ళ మీద చేత్తో పేరు, ఇన్‌పేషెంట్ నంబరు రాసి నడిపిస్తాం. సిస్టమ్ వచ్చాక అవన్నీ మళ్ళీ ఎక్కించాలి, తప్పు జరిగితే అక్కడే జరుగుతుంది. టెస్టింగ్ చేస్తామంటే మేం అడ్డు చెప్పం. ముందు రోజే చెప్పండి, ఫారాలు తీసి పెట్టుకుంటాం. ఐసీయూ వాళ్ళకు ఎవరైనా వెళ్ళి ఎదురుగా చెప్పాలి, మెయిల్ చాలదు. టెస్ట్ అయిపోయిందని చెప్పడం కూడా మర్చిపోకండి.

శిరుసేరి_రాత్రిషిఫ్ట్

ల్యాబ్ వారు చెప్పింది అందరూ చదవాలి. 2002 నవంబరులో అమెరికాలో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో నెట్‌వర్క్ దాదాపు నాలుగు రోజులు కూలిపోతూ లేస్తూ ఉంది, మొత్తం పని కాగితాల మీదకు వెళ్ళింది. కారణం స్పానింగ్ ట్రీయే. స్విచ్ వెనక స్విచ్ తగిలించుకుంటూ పోయి, ఆ ప్రమాణం సూచించే ఏడు స్విచ్‌ల హద్దును దాటేశారు. మీది కోర్, యాక్సెస్ రెండు అంచెలే, ఆ హద్దుకు చాలా లోపల ఉన్నారు. యాక్సెస్ స్విచ్ కింద ఇంకో స్విచ్ గొలుసు కట్టనివ్వకండి.

ఇక టెస్టింగ్. పోర్టును కమాండ్‌తో షట్‌డౌన్ చేయడం టెస్ట్ కాదు, ఫైబర్‌ను చేత్తో పీకండి. కోర్ 1 పవర్ కార్డు పీకండి. ప్రతి అంతస్తు నుంచీ, ప్రతి వీల్యాన్‌లోనూ పింగ్ (అవతల జవాబిస్తోందా అని చూసే పరీక్ష) నడుస్తూ ఉండాలి. ఒక ల్యాప్‌టాప్‌లో ఒక వీల్యాన్ చూసి "అయిపోయింది" అనుకోవద్దు. పీకినప్పుడు ఎన్ని పింగ్‌లు పోయాయో, తిరిగి పెట్టినప్పుడు ఎన్ని పోయాయో రెండూ రాయండి. తిరిగి పెట్టేటప్పుడే ఎక్కువ పోతాయి, చాలామంది అది కొలవరు.

పోరూరు_నెట్

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం తెల్లవారుజామున చేశాం. ఐసీయూకు, ల్యాబ్‌కు నేనే వెళ్ళి చెప్పాను.

కాన్ఫిగరేషన్ అంతా పై వరుసలోనే పూర్తిచేసి, రెండో ఫైబర్‌లు ఒక్కొక్కటీ తగిలించాం. ప్రతిచోటా ఆల్టర్నేట్ చూపింది, ఎక్కడా ఏమీ పడిపోలేదు. ఫార్మసీ స్విచ్ ఇప్పుడు రూట్ కాదు.

తర్వాత అంతస్తువారీగా కోర్ 1 వైపు ఫైబర్‌లు పీకాం. ఒకటి రెండు పింగ్‌లు పోయి వెంటనే అందుకుంది. కానీ మూడో అంతస్తులో ఎక్స్‌రే వీల్యాన్ మాత్రం రాలేదు, మిగతావన్నీ వచ్చాయి. శిరుసేరి అన్న చెప్పినట్టు ప్రతి వీల్యాన్‌లోనూ పింగ్ పెట్టకపోతే ఇది తెలిసేదే కాదు. చూస్తే కోర్ 1 వైపు ట్రంక్‌లో (పలు వీల్యాన్‌లను మోసే లింకులో) ఆ వీల్యాన్ ఉంది, కోర్ 2 వైపు ట్రంక్‌లో లేదు. ఎప్పుడో తర్వాత కలిపినప్పుడు వాడుకలో ఉన్న ట్రంక్‌లో మాత్రమే కలిపారు. స్పానింగ్ ట్రీ తన పని తను చేసింది, లింకు తెరిచింది, ఆ లింకులోకి ఎక్స్‌రే వీల్యాన్‌కు అనుమతి లేదు. అన్ని అంతస్తుల ట్రంక్‌లూ సరిపోల్చితే ఇంకో రెండు చోట్ల కూడా ఇలాగే ఉంది. సరిచేసి మళ్ళీ పీకి చూశాం, వచ్చింది.

కోర్ 1 పవర్ పీకితే నాలుగు సెకన్లలోపే కోర్ 2 అందుకుంది. అయితే కోర్ 1ని తిరిగి ఆన్ చేశాక బయటి ఇంటర్నెట్, ఇన్సూరెన్స్ పోర్టల్ నిమిషం పైగా ఆగాయి. ఇది ఎందుకో అర్థం కాలేదు. షాఫ్ట్ కూడా తీసి చూశాం, రెండు ఫైబర్‌లూ ఒకే కేబుల్‌లోనే ఉన్నాయి. రెండో దారికి కొటేషన్ అడిగాను.

గేట్‌వే_గిండీ

బాగా చేశారు. ఆ నిమిషం ఆలస్యం ప్రీఎంప్ట్ వల్ల. వీఆర్‌ఆర్‌పీలో అది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. కోర్ 1 లేచి, ల్యాన్ వైపు పోర్టులు రాగానే ఎక్కువ ప్రయారిటీ తనదే కాబట్టి (ఎస్టీపీలోలా కాదు, ఇక్కడ అంకె ఎక్కువైనదే గెలుస్తుంది) మాస్టర్ పదవి లాగేసుకుంటుంది. అప్పటికి ఫైర్‌వాల్ వైపు లింకు, రౌట్‌లు ఇంకా వచ్చి ఉండవు. కోర్ 2 చక్కగా నడుపుతున్న పనిని ఏ దారీ తెలియని కోర్ 1 చేతిలో పెట్టినట్టు. ప్రీఎంప్ట్ డిలే అని ఉంటుంది, కోర్ 1 పూర్తిగా లేవడానికి పట్టే సమయం కొలిచి అంతకంటే ఎక్కువ పెట్టండి. లేదా ప్రీఎంప్ట్ ఆపేసి, ఉదయం మీరు చూసుకుని చేత్తో మార్చండి. ఆసుపత్రిలో నేనైతే డిలే పెడతాను, ఎందుకంటే ప్రీఎంప్ట్ ఆపితే రూట్ కోర్ 1కి తిరిగి వెళ్తుంది, మాస్టర్ కోర్ 2లోనే ఉండిపోతుంది.

పోరూరు_నెట్

సరే అన్నా, డిలేయే పెడతాను. కోర్ 1 లేవడానికి పట్టే సమయం వచ్చే టెస్ట్‌లో కొలుస్తాను. నెల్లూరు అన్నా, రెండు కోర్‌లూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి, మీరు అడిగింది నిజమే. సర్వర్ రూమ్ మొదటి అంతస్తులో ఉంది కాబట్టి నీళ్ళ భయం లేదు.

నెల్లూరు_ఫైబర్

కోర్‌లలో రెండు పవర్ సప్లైలు ఉంటే ఒకటి యూపీఎస్‌కు, ఇంకోటి రెండో యూపీఎస్‌కు పెట్టండి. రెండో యూపీఎస్ కొనేదాకా రెండో సప్లైని జనరేటర్ లైను ఉన్న వేరే ఎమ్‌సీబీకి ఇవ్వండి. కోర్‌కు ఒక్క సప్లైయే ఉంటే రెండు కోర్‌లనూ వేర్వేరు లైన్ల మీదకు విడదీయండి, కోర్ 1ని మాత్రం యూపీఎస్ మీదే ఉంచండి. కొటేషన్ వచ్చాక కేబుల్ ఏ దారిన వెళ్తుందో ఇక్కడ పెట్టండి, ఏసీ డక్ట్, నీళ్ళ పైపులు తగలకుండా చూసి చెబుతాను.